మన్నించిన చుక్కలు

మూడో కడుగు అయింది. నీలిదీపం వెలిగించే ముందు లసుంబాయి కిటికీ రెక్కలు మూసి, సందుల్లో పాత చీర పేలికలు కుక్కింది. ఎండాకాలం పొద్దు, తొమ్మిదింటికే వాకిట్లో కాలు పెట్టలేకుండా ఉంది. ఆ వెలుతురు గీతంత లోపలికి వచ్చినా దీపం చూపాల్సింది చూపదు.

“చేతులు మీదికెత్తు పిల్లా. ఊపిరి బిగవట్టకు, ఎప్పటిలెక్క తీసుకో.”

భూదేవి చేతులు ఎత్తింది. పసుపు యార్డులో మూడో డ్రమ్ము దగ్గర పదహారేళ్ళుగా కొమ్ములకు మెరుగు పెట్టే మనిషి. ఎంత కడిగినా పోని పసుపు, దీపం పడగానే ఆమె మోచేతుల దాకా మిణుగురు రంగులో వెలుగుతోంది. అది పరవాలేదు, చేతులతో పని లేదు. రేపు పొద్దున వచ్చే దర్శనబండి చూడబోయేది మెడకూ నడుముకూ మధ్య మేర మాత్రమే.

నలభైలో పడిన ప్రతి ఆడమనిషి చేతికడియానికి ఏడాదికోసారి పిలుపు వస్తుంది. పిలుపు వచ్చిన మనిషి ఇంటికి ముందురోజే వెళ్ళి, రొమ్ముదర్శనానికి ఆమెను సిద్ధం చేయడం లసుంబాయి ఉద్యోగం. ఉత్తర్వుల్లో ఆమె హోదా సిద్ధిక. ఊళ్ళో ఆమె పేరు కడిగే అక్క. పదకొండేళ్ళుగా ఆ పేరుతోనే పిలిపించుకుంటోంది, పదకొండేళ్ళుగా కడుగుతూనే ఉంది.

దీపం తిప్పబోతూ ఆగింది.

“మెడల గదేందే?”

భూదేవి గబుక్కున మెడ మీద చెయ్యి వేసుకుంది. వేళ్ళ సందుల్లోంచి పసుపుకొమ్ము దీపంలా వెలుగుతోంది.

“నేను కిటికీ మూసేలోపల్నే కట్టుకున్నవా? మూడుసార్లు కడిగిందంత గంగల కలిపినవు గదనే!”

“పుస్తెలు తియ్యమన్నవు, తీసిన. బోడి మెడతోని ఎట్లుంటరక్కా? ఆయన లారీ మీద యాడున్నడో ఏమో. కొమ్మన్న ఉండాలె గద.”

లసుంబాయికి కోపం రాలేదు. ఈ మాట ఆమె వేయిసార్లు విన్నది. సంచిలో చెయ్యి పెట్టి నల్లదారానికి గుచ్చిన చింతగింజ ఒకటి తీసి, కొమ్ము విప్పి దాని బదులు కట్టింది. తడిగుడ్డతో మెడ కింద మళ్ళీ తుడిచింది.

“చింతగింజ వెలగదు. రేపు బండి దిగేదాంక గిదే నీ పుస్తె.”

“వెలగని మొగున్ని కట్టవెడ్తున్నవా అక్కా నాకు!”

లోపలి గదిలోంచి భూదేవి అత్త లచ్చవ్వ గొంతు వినిపించింది. నడుము విరిగి నాలుగేళ్ళుగా మంచంలోనే ఉన్న ముసలామె. చెవులు మాత్రం ఇంకా పాము చెవులే. “నా మొగడు ఎన్నడు వెలిగిండే? నేను సంసారం చెయ్యలేదా?”

ముగ్గురూ నవ్వారు. లసుంబాయి నవ్వు తొందరగా ఆగిపోయింది. ఈ మధ్య ఆమెకు నవ్వు అంతకంటే ఎక్కువసేపు నిలవడం లేదు.

చింతగింజ తాడు ఊరికే పుట్టలేదు. మొదటి ఏడు పట్నం నుంచి వచ్చిన సూచనల కాగితంలో ఒంటి మీద లోహం ఉండకూడదని రాశారు. ఆడవాళ్ళంతా చెప్పిన మాట విన్నారు, పుస్తెలు తీసి భద్రంగా డబ్బాలో పెట్టారు. మెడ బోసిగా ఉంచుకోలేక పసుపుకొమ్ము కట్టుకున్నారు. కాగితం రాసినవాళ్ళకు ఆ సంగతి తెలియదు. బండిలోనూ ఈ నీలిదీపంలోనూ ఉండే కాంతి చర్మం దాటి లోపలికి దిగి, చెడిన కణం ఉన్నచోట చుక్కలా వెలుగుతుంది. పసుపూ అదే రంగులో వెలుగుతుంది. యార్డు నిండా పసుపు, గాలి నిండా పసుపు, పైనుంచి గుండెల మీద ఊగే కొమ్ము. ఆ ఏడు బండి ఎక్కింది నూట ముప్ఫై మందే; బొమ్మలు చదివే యంత్రం, చదువరి, అందరిలోనూ చుక్కలు చూసి నూట ముప్ఫై మందికీ రెండో పిలుపు పంపింది.

రెండో పిలుపు అంటే మూడు రోజులు పట్నం ఆసుపత్రిలో, సూదుల కింద. ఇద్దరు తప్ప అందరూ మంచిగానే తిరిగివచ్చారు. కానీ ఊరు వాళ్ళను మంచిగా చూడలేదు. కొన్ని ఇళ్ళల్లో కంచాలు వేరుపెట్టారు. ఒకామెను పుట్టింటికి దిగబెట్టినవాళ్ళు మళ్ళీ తీసుకురాలేదు. మరుసటి ఏడు బండి వచ్చిన రోజు సగంమంది ఆడవాళ్ళు మక్కచేలల్లో దాక్కున్నారు.

అప్పుడు ఊళ్ళో ఉన్న ఐదుగురు సిద్ధికలూ ఒక ఉపాయం చేశారు. కడిగిన తరువాత సిద్ధిక తన చేతి పలకలో, చదువరికి, రెండింటిలో ఒక గుర్తు చెప్పాలి. చర్మం శుభ్రంగా ఉంటే శుద్ధం, లేకుంటే పూత. పూత అని చెబితే చదువరి ఆ చుక్కలను మన్నిస్తుంది, రెండో పిలుపు రాదు. యార్డు ఆడవాళ్ళందరికీ వాళ్ళు పూత అనే చెప్పసాగారు. తమలో తాము దాన్ని పసుపు పెట్టడం అనుకున్నారు. ముత్తయిదువకు పెట్టినట్టే, ఎంతో ప్రేమగా పెట్టారు. ఆడవాళ్ళు చేలల్లోంచి బయటికి వచ్చారు. హాజరు నూటికి తొంభై ఎనిమిదికి పెరిగింది. జిల్లా నుంచి పెద్దలు వచ్చి లసుంబాయికి శాలువా కప్పారు. అందరూ బండి ఎక్కి దిగుతున్నారు, ఎవరినీ ఎవరూ చూడటం లేదు. ఆ సంగతి శాలువా కప్పుకున్న రోజు ఆమెకు తట్టలేదు.

“అక్కా,” భూదేవి గొంతు తగ్గించింది. “నాకు గూడ పసుపు పెట్టరాదే. రెండో పిలుపొస్తె మూడు దినాలు అత్తను ఎవలు చూస్తరు? పక్క మీదికెల్లి లేపేటోళ్ళే లేరు.”

“ముందు చూడనియ్యి.”

లసుంబాయి దీపం ఎత్తింది. కుడి రొమ్ము మీద వెలుగు నీళ్ళలా జారిపోయింది, ఏమీ లేదు. ఎడమ వైపు, కింద, పక్కటెముకల దిక్కుగా ఏడు చుక్కలు ఉన్నాయి. ఆవగింజలంత. ఒకదాని పక్కన ఒకటి, వంకర వరుసలో.

బొటనవేలికి పసుపు వదిలించే నూనె రాసుకుని వాటి మీద అదిమి తుడిచింది. పసుపైతే సాగుతుంది, చెదురుతుంది, వేలికి అంటుతుంది. ఇవి కదల్లేదు. దీపం వెనక్కి జరిపినా అంతే వెలుగు, దగ్గరికి తెచ్చినా అంతే. వేలి కింద చర్మం కదిలింది, చుక్కలు చర్మంతోపాటు కదల్లేదు. అవి చర్మం మీద లేవు.

ఇలాంటి చుక్కలను ఆమె ఒకసారి చూసింది.

రెండేళ్ళ కింద ఇదే నెలలో. ఆ రోజు తొమ్మిదో మనిషి తన సొంత చెల్లెలు గంగామణి. ఆమెదీ మూడో డ్రమ్మే. రెండుసార్లు కడిగాక కూడా ఎడమ వైపు కొన్ని చుక్కలు మిగిలాయి. మూడోసారి కడగాలి, అది నియమం. “ఇంకెంతసేపే అక్కా, పేగులు ఒర్లుతున్నయ్,” అన్నది గంగామణి. అక్కకూ ఆకలిగానే ఉంది. చెల్లెలి నడుము గిల్లి, నవ్వుకుంటూ పలకలో పూత అని చెప్పి, ఇద్దరూ జొన్నరొట్టెల ముందు కూర్చున్నారు. ఆ రొట్టెలోకి ఏం కూర తిన్నదీ లసుంబాయికి ఇప్పటికీ గుర్తే. గోంగూర.

పోయిన వానాకాలంలో గంగామణిని కాలబెట్టారు. చివరి నెలల్లో ఆమె పిట్టంత అయిపోయింది. దహనం దగ్గర మరిది లసుంబాయి చేతులు పట్టుకుని, “నువ్వన్న మంచిగ చూసుకున్నవు వదినె,” అన్నాడు. ఆ మాటకు ఆమె తల ఊపింది. ఇన్ని నెలలైనా ఆ ఊపిన తల ఆమెను నిద్రపోనివ్వడం లేదు. చెల్లెలు పోయిన దుఃఖమైతే నలుగురితో ఏడవచ్చు. ఇది ఎవరితో ఏడవాలో ఆమెకు తెలియదు.

“ఏందక్కా, గట్ల చూస్తున్నవు?”

“ఏం లేదు.” పలకను భూదేవి పక్కకు పట్టి ముందుచూపు బొమ్మ తీసింది. పలకలోంచి చదువరి పలికింది, ఎప్పటిలాగే బడిపుస్తకం గొంతుతో.

“సిద్ధిక లసుంబాయి. పేరు, భూదేవి. గుర్తు చెప్పండి.”

భూదేవి ఆశగా చూస్తోంది. లసుంబాయి ఆమె వైపు చూడలేదు.

“శుద్ధం.”

“శుద్ధం. నమోదయింది. ముందుచూపులో ఏడు చుక్కలు. మన్నింపు వర్తించింది. రేపు సంక్షిప్త దర్శనం.”

“మన్నింపెందుకు? శుద్ధమని చెప్పిన గద.”

“ఈ ఊరి యార్డు స్త్రీలలో చుక్కలు పూత వల్ల ఏర్పడతాయి. పది సంవత్సరాల సాక్ష్యం ఉంది.”

“ఎవలిది సాక్ష్యం?”

“సిద్ధికలది. అందులో మీవి పద్దెనిమిది వందల నలభై రెండు.”

ఇన్నాళ్ళూ తాము యంత్రాన్ని మాయ చేస్తున్నామని ఐదుగురూ అనుకున్నారు. అది బుద్ధిగా నేర్చుకుంటోంది. వీళ్ళు చెప్పిన అబద్ధాన్ని ఒకటో ఎక్కంలా వల్లెవేసి, ఇప్పుడు నిజం చెబితే వినడం లేదు.

“మూడుసార్లు కడిగిన. నూనెతోని రుద్దిన. అవి మీద లేవు, లోపలున్నయ్.”

“మీ శ్రమను గుర్తించాను. మన్నింపు కొనసాగుతుంది.”

సంక్షిప్త దర్శనం అంటే లసుంబాయికి తెలుసు. బండి మన్నించిన చోటు వదిలి మిగతాది చూసి, రెండు నిమిషాల్లో దింపేస్తుంది. పోనీ తనే చెయ్యి పట్టుకుని పట్నం తీసుకుపోదామంటే, ఆసుపత్రి గేటు కడియాన్ని చూసి తెరుచుకునే గేటు. రెండో పిలుపు లేని కడియానికి అది తెరుచుకోదు.

ఇక ఒకటే దారి ఉంది. సిద్ధికల నియమావళి చివరి పుటలో, ఇంతవరకు ఎవరూ వాడని నాలుగు వరుసలు. ఖండన. తాను చెప్పిన గుర్తులు తప్పని సిద్ధిక పైకి చెప్పాలి, దర్శనం పట్టికలో పేరున్న ఒక స్త్రీ విని వేలు పెట్టాలి. అప్పుడు ఆ సిద్ధిక చెప్పిన ప్రతి గుర్తూ చెల్లకుండా పోతుంది. అదే తప్పు ఎవరికి తెలిసి ఉన్నా విచారణ వాళ్ళ దాకా వెళుతుంది. సిద్ధికకు ఆ రోజే ఆఖరు రోజు.

ఉద్యోగం పోతుందని ఆమెకు భయం లేదు. భయమంతా ఆ వినే మనిషి గురించే. గంగామణి, భూదేవి ఒకే డ్రమ్ముకు చెరో పక్క పన్నెండేళ్ళు నిలబడ్డారు. ఒకే డబ్బాలో సద్ది తిన్నారు. గంగామణి పాడెకు ముందు నడిచిన ఆడవాళ్ళల్లో భూదేవి ఒకతె.

“భూదేవీ, బట్ట కప్పుకొని గీడ కూసో. నీకొక మాట చెప్పాలె.”

చెప్పింది. ఎక్కడా మెత్తబరచలేదు. చుక్కలు చూశానని చెప్పింది, మూడోసారి కడగలేదని చెప్పింది, ఆకలైందని చెప్పింది. గోంగూర సంగతి కూడా చెప్పింది. అది ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు.

భూదేవి బట్టను మెడ దాకా లాక్కుంది. బయట యార్డులో డ్రమ్ములు తిరుగుతున్న చప్పుడు, కొమ్ములు ఒకదానికొకటి రాసుకుంటున్న గరగర ఇంటి గోడల్లోంచి వస్తూనే ఉంది.

“గంగక్కను కాలవెట్టంగ గంతగనం ఏడిస్తివి గదక్కా.”

“అది అబద్ధం గాదే.”

“మూడోసారి కడుగుతె అయిపోవు గద!” భూదేవి లేచి నిలబడింది. “గంతే గద! ఒక్కసారి! నేను ఆమెకు సద్ది పట్టుకొని పోయేదాన్ని. మింగుడు పడకపోతె పిసికి పెట్టేదాన్ని. మన్ను తిన్నవా అక్కా నువ్వు?”

“తిన్న.”

భూదేవి మెడలో చింతగింజను పట్టుకుని తిప్పుతూ కూర్చుంది. తిప్పుతున్న వేలు ఆగింది.

“మల్ల నాకు? నాకు గూడ గవేనా?”

“నాకు తెల్వది. ఏం లేకపోవచ్చు గూడ. తెల్వది గనకనే చూడాలె. నేను ఒక్కటి చెప్తె అది ఇంటలేదు. అన్నీ తప్పని చెప్తెనే ఇంటది. నువ్వు వేలు పెట్టాలె.”

“పెడితె నాకు రెండో పిలుపొస్తది.”

“వస్తది.”

“అందరికొస్తది.”

“నేను కడిగినోళ్ళందరికి.”

భూదేవి లోపలి గది వైపు చూసింది. చీకట్లో లచ్చవ్వ మంచం కోడు మాత్రం కనిపిస్తోంది. ఆ గదిలోంచి చాలాసేపటిగా చప్పుడు లేదు. ముసలామె అంతా విన్నదని ఇద్దరికీ అర్థమైంది.

“నా దిక్కేం చూస్తవే?” అన్నది లచ్చవ్వ. “మూడు దినాలు పక్కింటి పిల్ల పోసిన గంజి తాగి పడుంట. పక్క పాడైతె అయితది, చావనైతె చావ. నువ్వు సస్తె నన్నెవలు ఎత్తుతరే? వేలు పెట్టు.”

అంటూనే ముసలామె ఏడ్చింది. కోడలు ఏడవలేదు. తడిగుడ్డతో బొటనవేలు శుభ్రంగా తుడుచుకుని, పలక ముందుకు జరిగి కూర్చుంది.

“ఖండన,” అన్నది లసుంబాయి.

చదువరి పలికింది. “ఖండన కోరారు. ఏ గుర్తుతో మొదలుపెట్టాలి?”

“ఆకుల గంగామణి.”

“ఈ పేరు మృతుల పట్టికలో ఉంది. ఈ ఖండన వల్ల ఫలితం ఉండదు. తరువాతి పేరు చెప్పండి.”

“గామె పేరే ముందు రాసుకో.”

“ఫలితం ఉండదు.”

“రాసుకో.” ఆమె పలకను దగ్గరికి లాక్కుంది. “ఆకుల గంగామణికి నేను పూత అని చెప్పిన. అది పూత గాదు. నేను చూసిన. చూసి గూడ చెప్పలేదు. యార్డు ఆడోళ్ళెవలికీ నేను నిజం గుర్తు చెప్పలేదు. కడిగినంక మిగిలిందేందో నాకు తెల్వక గాదు, వాళ్ళు భయపడొద్దని, నాకు తొందరని, అందరికి పూత అనే చెప్పిన. పద్దెనిమిది వందల నలభై రెండూ చెల్లవు.”

భూదేవి వేలు పెట్టింది.

పలక అదే బడిపుస్తకం గొంతుతో, ఏ తేడా లేకుండా, “మన్నింపు నిలిచిపోయింది. పూర్తి దర్శనానికి రెండో పిలుపులు వెళుతున్నాయి. సిద్ధిక లసుంబాయి, మీ సేవ ముగిసింది,” అని ఆరిపోయింది.

భూదేవి కడియం మోగింది. ఆ వెంటనే లోపలి గదిలో ఇంకొకటి.

“నాదెందుకు మోగుతున్నదే?” అన్నది లచ్చవ్వ. “నేను యార్డు మానేసి ఎన్నేండ్లాయె.”

“నిన్ను గూడ కడిగిన అవ్వా,” అన్నది లసుంబాయి. “మొదటిసారి.”

తరువాత పక్కింట్లో మోగింది. ఆ వెనక ఇంట్లో, నల్లా దగ్గర, రోడ్డు మీద. లసుంబాయి కిటికీ సందుల్లోని పేలికలు లాగి రెక్కలు తెరిచింది. ఎండ ఒక్కసారిగా గదిలోకి పడింది. యార్డు వైపు నుంచి వందల కడియాల మోత తేనెటీగల రొదలా లేచింది. తరువాత ఒకటో డ్రమ్ము ఆగింది. నాలుగోది ఆగింది. మూడోది ఇంకాసేపు ఎవరూ లేకుండానే తిరిగి, అదీ ఆగింది. సీజను నడుమ పట్టపగలు ఆ ఊరు అంత నిశ్శబ్దంగా ఉండటం ఎవరూ ఎరగరు.

మోచేతుల దాకా పసుపుతో ఆడవాళ్ళు సందులోకి వస్తున్నారు. కొందరు కడియాన్ని చెవికి పెట్టుకుని, కొందరు కొంగుతో మూసిపెట్టి. భయపడినప్పుడు వాళ్ళు ఎప్పుడూ వెతికే మనిషి కడిగే అక్కే. ఆమె ఏ ఇంట్లో ఉందో కనుక్కుని మరీ వస్తున్నారు.

లసుంబాయి సంచిలో చూసుకుంది. చింతగింజలు ఓ నలభై ఉంటాయేమో. చాలవు.

“వాళ్ళను లోపలికి రమ్మనాల్నా, నువ్వే బయటికి పోతవా?” అని అడిగింది భూదేవి. అక్కా అనలేదు.

“నేనే పోత.”

ఆమె వెళ్ళి గడప మీద కూర్చుంది. అందరికంటే ముందు వచ్చినామె రొప్పుతూ, “ఏమాయెనక్కా, అందరి కడియాలు మోగుతున్నయ్?” అన్నది. లసుంబాయి పక్కకు జరిగి చోటిచ్చింది.

“కూసో. అందర్ని రానియ్యి. మా గంగామణి కాడికెల్లి చెప్త.”